గురువుగారి మంచి మాట

“చొక్కా ఇస్త్రీ చేసి ఎంతసేపైందో తెలుసా? దానికి కాళ్ళొచ్చి తనే మీ ఒంటి మీదకి ఎక్కుతుందనుకుంటున్నారా?”

గురువు మంచం అంచున కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. ఆ గోడ మీద చూడ్డానికి ఏమీ లేదు.

“ఏవండీ, మిమ్మల్నే.”

“వింటున్నా.”

“వింటే సరిపోదు. తమ్ముడితో పాటు వెళ్ళాలి. విచారణకొచ్చిన ఆ పెద్దాఫీసరు ముందు నిలబడి ఒక్క ముక్క చెప్పాలి. ‘వీడు నేను పని నేర్పిన మనిషి సార్, పట్టా తడిమి చూడకుండా డ్యూటీ తీసుకోడు’ అని. అంతే. కొండలు పిండి చెయ్యమన్నానా?”

“నా మాట ఎవరు వింటారే?”

“ఎవరు వింటారా! రైల్వే యార్డులో సగం మందికి పాయింటు లివర్ పట్టుకోవడం నేర్పింది మీరు కాదూ? వీధి చివర్నుంచే గురువుగారూ, గురువుగారూ అని దణ్ణాలు పెట్టేది ఎవరికి, నాకా? నా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ఆ గురుత్వం అటకెక్కిందా?”

గురువు చొక్కా అందుకున్నాడు. తొడుక్కోలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు.

వ్యాగన్లు పట్టా తప్పి, కప్లింగులు తగిలించే మనిషి కాలు నలిగిపోయినప్పటి నుంచి గురువు ఇంట్లో ఎవరూ కడుపునిండా తిన్నది లేదు. అతని పాదం తీసేశారు డాక్టర్లు. నిన్న గురువు భార్య అన్నం క్యారియర్ పట్టుకుని ఆస్పత్రికి వెళితే, అతని పెళ్ళాం దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదట. “మీ తమ్ముడు చేసిన నిర్వాకం చాలమ్మా, మళ్ళీ అన్నం కూడానా,” అందట. ఆ క్యారియర్ అలాగే వంటింట్లో మూత తియ్యకుండా ఉంది. పారబొయ్యడానికి ఆవిడకి చెయ్యి రావడం లేదు, తినడానికి మనసు రావడం లేదు.

ఆవిడకి తెలిసిందల్లా తన తమ్ముడి డ్యూటీలో ఘోరం జరిగిందనే. గురువుకి తెలిసింది వేరు. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆయన పరిస్థితి.

జరిగింది ఇదీ. ఆ రోజు బావమరిది కంటే ముందు డ్యూటీ గురువుదే. ఖాళీ వ్యాగన్లతో ఇంజను లోపలి లైను నుంచి బయటికి వస్తోంది. రెండు లైన్లు కలిసే చోట పాయింటు తిప్పి దానికి దారి పెట్టాల్సింది గురువు. ఆయనేమో గేటు దగ్గర టీ అమ్మేవాడికి తన బావమరిదిని అనుకరించి చూపిస్తున్నాడు.

బావమరిదికో అలవాటుంది. లివర్ లాగేసి దూరం నుంచి చూసి ఊరుకోడు. వెళ్ళి వంగి, ఆ కదిలే నాలుక పట్టా పక్కనున్న పెద్ద పట్టాకి పూర్తిగా ఆనిందా లేదా అని అరచేత్తో తడుముతాడు. బూటుతో నొక్కుతాడు. మళ్ళీ తడుముతాడు, చంటిపిల్లకి ఒళ్ళు వెచ్చబడిందేమోనని చూసే తల్లిలాగా. గురువు వాడికి ‘తడుముడు మాస్టరు’ అని పేరు పెట్టాడు. మంచి పేరు ఎవరికీ అంటుకోదు గాని ఇలాంటివి ఇట్టే అంటుకుంటాయి. యార్డంతా అదే పేరు.

ఆయన నడుం వంచి గాలిని తడుముతున్నాడు. టీ మనిషి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అంతలో వెనకాల ధన్‌మని చప్పుడైంది. టీ మనిషికది యార్డులో రోజూ వినే చప్పుడే. తిప్పని పాయింటుని చక్రాలే తోసుకుని వెళ్ళిపోయాయి. యార్డువాళ్ళు దాన్ని పాయింటు బరస్టవడం అంటారు.

దీంతో ఉన్న తంటా ఏమిటంటే, తోసుకుని వెళ్ళిన బండికి ఏమీ కాదు. అది హాయిగా పోతుంది. వెనకాల నాలుక పట్టాని కదిపే కడ్డీ వంగి, ఆ పట్టా ఆనీ ఆననట్టు మిగులుతుంది. ఆ తరవాత ఎదురు దిక్కు నుంచి ఏ బండి వచ్చినా దాని చక్రం ఆ సందులో దూరుతుంది, బండి పడుతుంది. కాబట్టి పాయింటు బరస్టైతే ఎర్రజెండా పాతి, యార్డు మాస్టరుకి చెప్పి, బాగుచేసేదాకా ఆ దారి మూసెయ్యాలి. పనిలో చేరినవాడికి గురువు చెప్పే మొదటి పాఠమే అది.

పాఠం చెప్పిన మహానుభావుడు మాత్రం సుత్తి తెచ్చి ఆ కడ్డీని నాలుగు దెబ్బలు వేశాడు. చూపుకి సరిగ్గానే ఉందనిపించింది. పిల్లకాయలు చేసే పొరపాటు తను చేశానని చెప్పుకుంటే తల కొట్టేసినట్టవుతుంది మరి. ఇన్నాళ్ళూ ఆయన ఎగతాళి చేసినవాళ్ళంతా ఇప్పుడాయన్ని చూసి నవ్వరూ?

డ్యూటీ మారేటప్పుడు అక్కడో పద్ధతి ఉంది. దిగేవాడు ఎక్కేవాణ్ణి వెంటబెట్టుకుని ప్రతి పాయింటూ తిప్పి చూపించాలి. ఎక్కేవాడు చేత్తో తడిమి చూసి ‘తీసుకున్నాను’ అనాలి. ఆ మాట నోట్లోంచి వచ్చాక భారం వాడిది. ఆ సాయంత్రం బావమరిది ఎప్పటిలాగే వంగబోతుంటే గురువు పెద్దగా నవ్వాడు.

“మళ్ళీ మొదలుపెట్టాడ్రా తడుముడు మాస్టరు! అన్నీ నేను చూశాన్లేవోయ్. నా మీద నమ్మకం లేదా?”

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. పాపం వాడి మొహం ఎర్రబడింది. చాపిన చెయ్యి జేబులో పెట్టుకుని, “తీసుకున్నాను బావా,” అన్నాడు. ఇంకా పొద్దు గూకకముందే వ్యాగన్లు పడ్డాయి.

ఇదంతా గురువు గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేడు, కక్కలేడు.

“వదినా!”

పక్క క్వార్టరు నుంచి బావమరిది భార్య వచ్చింది. జుట్టు ముడి కూడా సరిగ్గా వేసుకోలేదు. గురువుని చూసి గుమ్మంలోనే ఆగింది.

“లోపలికి రావే. వాడు తయారయ్యాడా?”

“అయ్యారు. అద్దం ముందు నిలబడి దువ్విన తలే దువ్వుతున్నారు. వదినా, మీరైనా ఆయన్ని గట్టిగా అడగండి. నాకెందుకో నిజం చెప్పడం లేదనిపిస్తోంది.”

“ఏం నిజం?”

“డ్యూటీ తీసుకునేటప్పుడు పట్టా తడిమారా అంటే తడిమాను అంటారు. అంటూ నా మొహం చూడరు. పెళ్ళైనప్పటి నుంచి నాతో అబద్ధం ఆడని మనిషి వదినా. ఎవర్నో కాపాడుతున్నారు. మీరేమంటారు అన్నయ్యా?”

“నేనా? నేనెందుకు... నాకేం తెలుసమ్మా?” అన్నాడు గురువు. అంత గట్టిగా అనాల్సిన అవసరం లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం అక్కడ మంచం మీదే కూర్చుని ఉన్నాడని ఆ ఇద్దరాడవాళ్ళకీ తోచలేదు. తోచకపోవడమే ఆయనకి మరీ సిగ్గుగా ఉంది.

“చాల్లే, ఊరుకో,” అంది గురువు భార్య. “కట్టుకున్నదానివి, నువ్వే మొగుణ్ణి అనుమానిస్తే బయటివాళ్ళకి అడ్డేముంది?”

“అనుమానం కాదు వదినా. ఆయన అంత అజాగ్రత్త మనిషి కాదనేగా నా బాధ! ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు తడిమి చూసే మనిషి. అలాంటాయన...”

వదిన ఆమె భుజం పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

అప్పుడొచ్చాడు బావమరిది. నున్నగా తల దువ్వుకున్నాడు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. బడిలో బహుమతికి పిలిచిన కుర్రాడిలా ఉన్నాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, బావ పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

“బావా, ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.”

గురువు ఒళ్ళోని చొక్కా గబగబా తొడుక్కున్నాడు. “ఏ సంగతి?”

“అదే, నువ్వు వద్దన్నావని నేను తడమకుండా తీసుకున్నాను కదా. అది చెబితే నీకూ చుట్టుకుంటుంది. ఇద్దరిళ్ళూ ఒకేసారి మునగడం ఎందుకు? తడిమే తీసుకున్నానని రాయించాను. అప్పుడు నవ్వినవాళ్ళు కూడా తమకెక్కడ చుట్టుకుంటుందోనని నోరు విప్పరు.”

“ఎందుకు రా అలా...”

“నువ్వు దిగేటప్పటికి పాయింటు బాగానే ఉంది కదా బావా. నా చేతిలోకొచ్చాకే ఎక్కడో తేడా వచ్చింది. తడిమి ఉంటే తెలిసేది. నవ్వుతారని మానేశాను. అది నా తప్పే కదా.”

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. గురువు నోరు తెరిచాడు.

“టీ తాగుతావా?” అన్నాడు.

*

క్వార్టర్ల నుంచి ఆఫీసుకి యార్డులోంచే నడవాలి. ఎండ కంకర మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. పనిలో ఉన్నవాళ్ళు గురువుని చూసి చెయ్యెత్తారు. ఆయన పక్కనున్న మనిషిని చూడగానే ఆ చెయ్యి అక్కడే ఆగి తల గోక్కోవడానికి వెళ్ళింది. మొన్నటి దాకా అరిచి పిలిచే పేరు ఇవాళ ఒక్కడి నోటా రాలేదు. ఎవడైనా తడుముడు మాస్టరూ అని వెక్కిరిస్తే బాగుండుననిపించింది గురువుకి.

ఆ పాయింటు దగ్గరకొచ్చారు. వంగిన కడ్డీ, పాత పట్టా అప్పుడే పీకేసి కొత్తవి వేశారు. అక్కడే కంకర మీద సున్నం చల్లారు, దేని మీద చల్లారో ఇద్దరికీ తెలుసు.

బావమరిది అలవాటు కొద్దీ వంగాడు. చెయ్యి పట్టా దాకా వెళ్ళింది. తగల్లేదు. వేడి పెనం మీద పెట్టబోయినట్టు వెనక్కి లాక్కుని నిలబడ్డాడు.

“అలవాటు,” అన్నాడు, తప్పు చేసినవాడిలా నవ్వుతూ.

ఆ చేతిని అలా వెనక్కి తీసుకునేలా చేసింది తనే. గురువుకి కళ్ళు మండాయి. అక్కడే, ఆ సున్నం పక్కనే కూలబడి వాడి కాళ్ళు పట్టుకుని చెప్పేద్దామనిపించింది. అంతా కడుపులోంచి నాలుక చివరి దాకా వచ్చింది.

“ఆ ఆఫీసరు చాలా గట్టివాడటగా?” అన్నాడు చివరికి.

“ఏమో బావా. మంచివాడే అనుకుంటా. మంచినీళ్ళు ఇప్పించి మరీ అడిగాడు.”

ఆఫీసరు నిజంగానే మంచివాడు. ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. బల్ల అవతల ఆయన, ఆయన పక్కన యార్డు మాస్టరు. ఫ్యాను తిరుగుతోంది గాని గాలి ఎవరికీ తగలడం లేదు.

“డ్యూటీ తీసుకునేటప్పుడు ఆ పాయింటు చూసుకున్నావా?”

“చూసుకున్నాను సార్.”

“కంటితోనా, చేత్తోనా?”

“చేత్తో తడిమే తీసుకున్నాను సార్.” గొంతు కొంచెం తడబడింది. “బాగానే ఉంది.”

“సరిగ్గా ఆలోచించుకుని చెప్పు. కడ్డీ వంగి ఉంది. అది నీ డ్యూటీ కంటే ముందే వంగి ఉండచ్చు. ఎవరో తొందరపెట్టి, నువ్వు చూడకుండా తీసుకుని ఉంటే ఇప్పుడే చెప్పు. నీ మీద భారం చాలావరకు తగ్గుతుంది.”

ఆ కుర్రాడికి దారి చూపిస్తున్నాడాయన. గురువు నేలకేసి చూస్తున్నాడు. పక్కనున్నవాడు ఒక్కసారి తనకేసి చూస్తే చాలు, అంతా బయటపడిపోతుంది. వాడు చూడలేదు.

“ఎవరూ తొందరపెట్టలేదు సార్.”

ఆఫీసరు గురువు వైపు తిరిగాడు. “మీరు సీనియర్లు. డ్యూటీ అప్పగించింది మీరే. ఈయన తడిమి తీసుకున్నాడన్నది నిజమేనా?”

ప్రశ్న చిన్నది. అవును, కాదు. రెండిట్లో ఏది అన్నా ఒక కొంప కూలుతుంది. ఆ క్షణాన గురువుకి పొద్దుట్నుంచీ భార్య వల్లెవేయించిన మాట గుర్తొచ్చింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. అది మంచి మాట కదా. బావమరిదిని మెచ్చుకునే మాటే కదా.

“వీడు నేను పని నేర్పిన మనిషి సార్,” అన్నాడు. “పట్టా తడిమి చూడకుండా తీసుకోడు. యార్డంతా ఎగతాళి చేసినా సరే, మానడు. ఎవర్నైనా అడగండి.”

యార్డు మాస్టరు నిట్టూర్చి తల దించుకున్నాడు. ఆయనకి అర్థమైపోయింది. గురువుకి ఇంకా కాలేదు.

“అయితే ఇక మాట్లాడేదేముంది?” అన్నాడు ఆఫీసరు మెల్లగా. “తడిమి తీసుకున్నాడు, అప్పటికి బాగుంది. మధ్యలో ఇంకెవరూ ముట్టుకోలేదు. అంటే చెడగొట్టింది ఇతనే. చెడగొట్టి, చెప్పకుండా దాచాడు. కాలు పోయిన మనిషికి మనం ఏం సమాధానం చెప్పాలి?”

ఇప్పుడు అర్థమైంది గురువుకి. తను చేసినదంతా ఆఫీసరు పూసగుచ్చినట్టు చెబుతున్నాడు, వేలు మాత్రం పక్కవాడి వైపు చూపిస్తూ.

“మీరింకేమైనా చెప్పాలా?”

ఆఫీసరు గురువునే అడిగాడు. గురువు లేచి నిలబడ్డాడు కూడా.

“లేదు సార్.”

తిరుగుదారిలో క్వార్టర్లు కనబడుతుండగా బావమరిది ఆగాడు.

“బావా, నువ్వేం బాధపడకు. నువ్వు నా గురించి అంత మంచిగా ఎప్పుడూ అనలేదు. పదిమంది ముందు నువ్వలా అనడం... నాకది చాలు.”

గురువు ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆయనకే వినబడలేదు.

*

“చెప్పారా?” గుమ్మంలోనే ఎదురొచ్చింది భార్య.

“చెప్పాడక్కా. చాలా బాగా చెప్పాడు,” అన్నాడు తమ్ముడు. తరవాత మిగతాది కూడా చెప్పాడు. ఉద్యోగం తీసేస్తారు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. పోలీసులు కూడా పిలవచ్చు. చెబుతున్నంతసేపూ అక్కని ఓదారుస్తున్నట్టే చెప్పాడు. “దానికి నేనే చెబుతాను, నువ్వు రాకు,” అని పక్కింట్లోకి వెళ్ళిపోయాడు.

అవతల ఏదో గిన్నె కిందపడిన చప్పుడు. ఏడుపు వస్తుందని ఇద్దరూ చెవులు రిక్కించారు. ఏమీ రాలేదు.

“మీరు మంచి మాట చెబితే వాడి ఉద్యోగం ఎలా పోయిందండీ?”

గురువు చొక్కా బొత్తాలు విప్పుకుంటున్నాడు.

“అడుగుతున్నది మిమ్మల్నే. ఏం చెప్పారక్కడ?”

“నువ్వు చెప్పమన్నదే. తడిమి చూడకుండా తీసుకోడని.”

“తీసుకోడని చెబితే...” ఆవిడ ఆగింది. చదువుకోకపోయినా లెక్క తప్పే మనిషి కాదు. “వాడు తడిమి చూసుకున్నాడంటే, అప్పటికి అది బాగున్నట్టేగా. బాగున్నదాన్ని వాడే చెడగొట్టినట్టేగా!” రెండు చేతులతో నోరు మూసుకుంది. “అయ్యో, మీరు చెప్పిన మాటతోనే కదండీ వాడు మునిగింది! ఆ మాట అనమన్నది నేను. పొద్దుట్నుంచీ మీ ప్రాణం తీసి మరీ అనిపించాను. నా నోరు పడిపోను! నా తమ్ముడి నోటి ముందు కూడు నేనే లాగేశాను.”

తలుపుకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. చెంపలు వాయించుకుంటోంది.

ఇన్నిసార్లు నిజాన్ని దిగమింగిన గురువు దీన్ని మింగలేకపోయాడు. వెళ్ళి ఆ చేతులు పట్టుకున్నాడు.

“ఆపు. నీ తప్పు కాదు. నీదీ కాదు, వాడిదీ కాదు.”

“మరి?”

“వాడు తడమలేదు. నేనే తడమొద్దన్నాను. నలుగురి ముందూ ఎగతాళి చేసి ఆపాను.”

“ఎందుకు?”

“తడిమితే దొరికిపోయేవాణ్ణి కనక. ఆ పాయింటు అప్పటికే పాడైంది. నా డ్యూటీలో, నా కళ్ళ ముందే బరస్టైంది. చెప్పడానికి సిగ్గేసి సుత్తితో కొట్టి ఊరుకున్నాను. ఆ కాలు తీసింది నేను. వాడి కొంప ముంచింది నేను.” ఆవిడ చేతులు వదిలి, విప్పిన బొత్తాలు మళ్ళీ పెట్టుకోసాగాడు. “ఇప్పుడే వెళతాను. ఆఫీసరు ఇంకా అక్కడే ఉంటాడు. చెప్పేస్తాను. నన్ను తిట్టు, కొట్టు, ఏం చేసినా సరే.”

ఆవిడ తిట్టలేదు. కొట్టలేదు. చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు. తరవాత ఇల్లంతా ఓసారి కలయజూసింది. మంచం, బీరువా, వంటింట్లో పొయ్యి. ఈ ఇల్లు కూడా రైల్వేవాళ్ళదే. మెల్లగా లేచింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వీధి తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

“మెల్లగా మాట్లాడండి,” అంది.

గురువు నిర్ఘాంతపోయి చూశాడు. పొద్దున్న తమ్ముడి కోసం ప్రాణాలు తోడేసిన మనిషేనా ఈవిడ? ఆ సిగ్గు తనొక్కడిదే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడది ఆవిడకీ అంటించాడు.

తలుపు మీద దరువు వినబడింది.

“అక్కా! బావని ఓసారి పంపవా? ఇది మాట్లాడ్డం లేదు, అన్నం ముట్టడం లేదు. నా మాట నమ్మడం లేదక్కా. బావ వచ్చి ఒక్క మాట చెబితే నమ్ముతుంది.”

గురువు తలుపు వైపు అడుగు వేశాడు. ఆవిడ చెయ్యి గొళ్ళెం మీదే ఉంది. తియ్యలేదు. మొగుడి వైపు చూడకుండా, తలుపు వైపు కూడా చూడకుండా గొంతు సవరించుకుంది.

“ఆయన పడుకున్నార్రా,” అంది.